ఆడటం ఆపి ఆడించడం మొదలుపెట్టాలంటే

ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడి, ఇక కోచింగ్‌లోకి వద్దామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది సర్టిఫికెట్ గురించే. ఏ లెవెల్ చేయాలి, ఎంత కాలం పడుతుంది, ఖర్చెంత. వాటికి జవాబులు సులువుగానే దొరుకుతాయి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఎదుటివాళ్లు ఆడుతుంటే ఏం జరుగుతోందో మీకు కనిపిస్తుందా? ఆడినన్నాళ్లూ మన కళ్లు బంతి మీదే. బంతి కొట్టేవాళ్ల వంక చూసినా, అది మనవైపు ఎటు వస్తుందో పసిగట్టడానికే చూశాం. వాళ్లు ఎందుకలా కొట్టారన్నది మన గొడవ కాదు. కోచ్‌కు అదే గొడవ.

నేను చాలా ఏళ్లు అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) టోర్నీల్లో, అంటే ప్రొఫెషనల్ ఆటలో అడుగు మెట్టు మీద ఆడాను. టీవీలో కనిపించే ర్యాంకు నాకెప్పుడూ రాలేదు. సింగిల్స్ కంటే డబుల్స్ మెరుగ్గా ఆడేదాన్ని. తర్వాత కొంతకాలం హిట్టింగ్ పార్ట్‌నర్‌గా, అంటే సాధనలో ఆటగాళ్లకు ఎదురుగా ఆడే మనిషిగా చేశాను, ఆ తర్వాత జూనియర్లకు నేర్పాను, ఇప్పుడు టూర్‌లో, అంటే ఏడాది పొడవునా సాగే ప్రొఫెషనల్ టోర్నీల్లో తిరిగే ఆటగాళ్లతో పనిచేస్తున్నాను. ఈ దారిలో మీరూ వస్తున్నట్లయితే ఇది మీకోసం.

ముందు ర్యాంకు బెంగ వదిలేయండి. డారెన్ కేహిల్ సింగిల్స్‌లో చేరిన అత్యుత్తమ ర్యాంకు 22. 1988 యూఎస్ ఓపెన్‌లో సెమీస్ దాకా వెళ్లాడు, ఆపైన మోకాలి గాయాలు అతన్ని ఆడనివ్వలేదు. లేటన్ హ్యూయిట్, ఆండ్రీ అగస్సీ, సిమోనా హాలెప్, యానిక్ సిన్నర్ నంబర్ వన్ స్థానంలో నిలిచినప్పుడు కోచ్ కుర్చీలో ఉన్నది అతనే. రఫెల్ నడాల్‌ను తయారుచేసిన టోనీ నడాల్ అయితే టూర్ ఆటగాడే కాడు. సాషా బాజిన్ ఏళ్ల తరబడి సెరెనా విలియమ్స్‌కు హిట్టింగ్ పార్ట్‌నర్. కోచ్‌గా మారాక నయోమీ ఒసాకా పక్కన ఉండి 2018 యూఎస్ ఓపెన్, 2019 ఆస్ట్రేలియన్ ఓపెన్ చూశాడు. అలాగని పెద్ద ఆటగాళ్లు మంచి కోచ్‌లు కాలేరనీ కాదు. ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన ఇవాన్ లెండిల్ వచ్చాకే ఆండీ ముర్రే మొదటిది గెలిచాడు, 2012లో. మాజీ నంబర్ వన్ హువాన్ కార్లోస్ ఫెరెరో 2018లో పదిహేనేళ్ల కార్లోస్ అల్కరాజ్‌ను చేతుల్లోకి తీసుకుని చిన్న టోర్నీల నుంచీ వెంట నడిచాడు. పేరున్నవాళ్లను ఎవరైనా పిలిచి పనిస్తారు, మనం వెతుక్కోవాలి. తేడా అంతవరకే.

ఆపడం ఎప్పుడు, ఎలా

ఒక్కసారిగా ఆపకండి. కుదిరితే ఆఖరి సీజన్‌లోనే కోచింగ్ మొదలుపెట్టండి. కింది మెట్టు లెక్కలు మీకు తెలిసినవే: పదిహేను వేల డాలర్ల టోర్నీ అంటే అది మొత్తం బహుమతి, సింగిల్స్ గెలిచినవాళ్లకు దక్కేది రెండు వేల డాలర్ల పైచిలుకు. మొదటి రౌండ్‌లో ఓడితే హోటల్ బిల్లుకు కూడా చాలదు. ఇలాంటి వారాల మధ్యలో ఏదో ఒక క్లబ్బులో వారానికి కొన్ని గంటలు నేర్పితే రెండు లాభాలు. కాస్త డబ్బు వస్తుంది, ఈ పని మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. కొంతమందికి పడదు. ఓ మాజీ డబుల్స్ పార్ట్‌నర్ చక్కగా చెప్పింది: "నాకు ఆట ఇష్టమే గానీ, వేరేవాళ్ల ఆట ఇష్టం లేదు." ఆమె ఇప్పుడు టోర్నీ నిర్వహణలో ఉంది, సంతోషంగానే ఉంది.

గాయంతో కూర్చున్న నెలలు కోర్సులకు బాగా పనికొస్తాయి. ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాల పాటు ఉంటాయి కాబట్టి, ఈలోగా మళ్లీ ఆడాలనిపించినా దారి మూసుకుపోదు. ఒక్క కాగితం విషయంలో మాత్రం తొందరపడకండి. మీరు డోపింగ్ టెస్టింగ్ పూల్‌లో (డోపింగ్ పరీక్షలకు పేర్లు రాసుకున్న ఆటగాళ్ల జాబితాలో) ఉండి, అధికారికంగా రిటైర్మెంట్ ఇచ్చేస్తే, తిరిగి పోటీకి రావాలంటే ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పి, ఆ ఆరు నెలలూ పరీక్షలకు అందుబాటులో ఉండాలి. మనసు పూర్తిగా కుదుటపడ్డాకే సంతకం పెట్టండి.

ఇక సర్టిఫికెట్. ఐటీఎఫ్ ప్లే టెన్నిస్ అనే ప్రారంభ కోర్సు, దానిపైన లెవెల్ 1, 2, 3 అని మెట్లు పెట్టింది. లెవెల్ 1 కొత్తగా నేర్చుకునేవాళ్లకూ ఓ మోస్తరు ఆటగాళ్లకూ నేర్పడం మీద, 2 బాగా ఆడేవాళ్ల మీద, 3 హై పెర్ఫార్మెన్స్ మీద. చాలా దేశాల ఫెడరేషన్లు ఇదే పద్ధతిలో సొంత కోర్సులు నడుపుతాయి. మాజీ ప్రొఫెషనల్స్‌కు కింది మెట్లు మినహాయించే చోట్లూ ఉన్నాయి. మినహాయింపు ఇస్తామన్నా లెవెల్ 1 వదలకండి. మీకు ఫోర్‌హ్యాండ్ ఆరేళ్ల వయసులో వచ్చి ఉంటుంది. అది ఎలా వచ్చిందో మీకు గుర్తులేదు. మొదటిసారి రాకెట్ పట్టినవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పడం ఆ కోర్సులోనే తెలుస్తుంది. దాంతోపాటే ప్రథమ చికిత్స, పిల్లల రక్షణకు సంబంధించిన శిక్షణ పూర్తి చేయండి. అవి లేకుండా మైనర్లతో పనిచేయనిచ్చే చోటు దొరికితే, అక్కడ చేరకండి.

బుట్ట పక్కన

పోటీల్లో నలిగి వచ్చినవాళ్లకు బంతుల బుట్ట పక్కన నిలబడి ఫీడ్ చేయడం, అంటే శిష్యులు కొట్టడానికి ఒక్కో బంతీ అందించడం, చిన్నతనంగా తోస్తుంది. మొదటి రెండు మూడేళ్లు మీరు ఎక్కువగా చేసేది ఆ పనే, పైగా అది మీకు రాదు. ర్యాలీలో మనకు అలవాటైంది అవతలివాళ్లకు అందకుండా కొట్టడం. ఫీడ్‌లో అదే ఎత్తు, అదే వేగం, అదే చోటు, ఇరవై బంతులు వరుసగా పడాలి. ఆ తర్వాత కావాలని ఒక్కటి మార్చాలి, ఉదాహరణకు ఎత్తు మాత్రమే. మిగతావి మారకపోతేనే ఆటగాడు దేనికి సర్దుకున్నాడో, దేనికి సర్దుకోలేకపోయాడో మీకు తెలుస్తుంది.

చేత్తో వేసే ఫీడ్‌తో మొదలుపెట్టండి. ఆటగాడు కొట్టే దారికి అడ్డం రాకుండా, రెండు మూడు మీటర్లు ముందు పక్కగా నిలబడి, కింది నుంచి మెల్లగా వేయండి. బంతి ఒకసారి నేలకు తగిలి నడుము ఎత్తుకు లేవాలి. కొత్త కోచ్‌లు ఇక్కడ చేసేదేమిటంటే, ఆటగాడు కొట్టిన బంతి ఎక్కడ పడిందో చూస్తూ తర్వాతిది వేసేస్తారు. మీరు పాదాలు చూడండి. కొట్టాక నిలదొక్కుకుని, మళ్లీ మధ్యకు వచ్చి, స్ప్లిట్ స్టెప్ (ఎటైనా కదలడానికి సిద్ధమవుతూ వేసే చిన్న గెంతు) కోసం మడమలు లేచే క్షణానికి మీ చేతిలోంచి బంతి బయటపడాలి. అర సెకను ముందు వేస్తే అతను స్ప్లిట్ స్టెప్ మానేస్తాడు, ఆ మానేయడం మీరే నేర్పినట్టు. సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఖాళీ కోర్టులో ఒక కోన్ పెట్టి, దాని మీద పడేలా ఫీడ్ సాధన చేయండి. నేను ఇప్పటికీ చేస్తాను.

రాకెట్‌తో ఫీడ్ చేసేటప్పుడు కాంటినెంటల్ గ్రిప్ (సుత్తి పట్టినట్టు) పట్టుకుని, నెట్‌కూ చివరి గీతకూ మధ్యలో ఉండే సర్వీస్ లైన్ దగ్గర నిలబడటం మామూలు. అక్కణ్నుంచి వెళ్లే బంతి త్వరగా చేరుతుంది, స్పిన్ తక్కువ. మ్యాచ్‌లో బంతి బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత వెనకనుంచి, టాప్‌స్పిన్‌తో (ముందుకు గిరగిరా తిరుగుతూ), ఎత్తుగా వస్తుంది. అందుకే కొత్త షాట్ కాస్త కుదురుకోగానే బేస్‌లైన్‌కు వెళ్లిపోండి, ఆ తర్వాత ర్యాలీలోకి, ఆ తర్వాత స్కోరు పెట్టి ఆటలోకి. బుట్టతో నేర్పిన షాట్ బుట్ట దగ్గరే ఉండిపోతుంది, ముందుకు నడిపించకపోతే.

ఇంకో చిక్కు మాజీ ఆటగాళ్లకే ప్రత్యేకం. మీరు బాగా ఆడతారు కాబట్టి శిష్యులతో ర్యాలీ ఆడితే ప్రతి బంతీ వాళ్లకు నచ్చిన ఎత్తులో, నచ్చిన చోటుకే వెళ్తుంది. వాళ్ల ఆట ఉన్నదానికంటే ఎంతో బాగా కనిపిస్తుంది. చూసే తల్లిదండ్రులూ మురిసిపోతారు. శనివారం టోర్నీలో బంతి వంకరగా, పొట్టిగా, అడ్డదిడ్డంగా వచ్చేసరికి అంతా తేలిపోతుంది. మీరు పక్కకు జరిగి ఇద్దరు శిష్యుల్ని ఒకరితో ఒకరిని ఆడించండి. ఒళ్లు ఊరుకోదు, రాకెట్ పట్టుకోవాలనిపిస్తుంది. నోట్‌బుక్ పట్టుకోండి.

చూడటం

ఒక్కో విడతలో ఒక్కటే చూడాలని ముందే నిర్ణయించుకోండి. పది బంతులు పాదాలు మాత్రమే. పది బంతులు భుజాలు. ఆ తర్వాత బంతి రాకెట్‌కు తగిలే చోటు. షాట్ అయ్యాక చెయ్యి ఎటు వెళ్లిందన్నది చివర్న చూడండి, లేదా చూడకపోయినా ఫర్వాలేదు. అందరి కళ్లూ అక్కడికే పోతాయి గానీ, అది అప్పటికే జరిగిపోయినదాని ఫలితం. నిలబడే చోటూ మారాలి: బంతి ఒంటికి ఎంత ముందు తగులుతోందో పక్కనుంచి తెలుస్తుంది. ఆటగాడు ఎక్కడ నిలబడుతున్నాడో, బంతి ఎటు పోతోందో వెనకనుంచి తెలుస్తుంది. సర్వ్ టాస్‌కు, అంటే సర్వ్ కోసం బంతి పైకి వేయడం చూడటానికి, రెండూ కావాలి.

ఫోర్‌హ్యాండ్ ఆలస్యమవుతోందని చాలామంది "చెయ్యి త్వరగా తిప్పు" అంటారు. మీరు భుజాలు చూడండి. బంతి నెట్ దాటేసరికి భుజాలు పక్కకు తిరిగి ఉండాలి. తిరగకపోతే చెయ్యి ఎంత వేగంగా తిప్పినా ఆలస్యమే. అదీ సరిగా ఉంటే ఇంకా వెనక్కి వెళ్లండి: స్ప్లిట్ స్టెప్ పడిందా? అవతలివాళ్లు బంతి కొట్టే క్షణానికి పడాలి. చాలావరకు జబ్బు అక్కడే దొరుకుతుంది.

ఓ పదిహేనేళ్ల అమ్మాయి విషయం చెబుతాను. రెండో సర్వ్ వరసగా సర్వీస్ లైన్ దాటి పోతోంది. కంచె బయట వాళ్ల నాన్న "మణికట్టు వాడు తల్లీ, మణికట్టు" అంటున్నారు. ఆయన తప్పు చెప్పలేదు, చూసిన చోటు వేరు. పక్కకు వెళ్లి పదిహేను సర్వ్‌లు ఎడమ చెయ్యి మాత్రమే చూశాను. బంతి కళ్ల ఎత్తు దగ్గర వేళ్లను వదలాలి. ఆమె నుదురు దాటాక వదులుతోంది, మోచెయ్యి కూడా వంగుతోంది. దాంతో బంతి తల మీదుగా వెనక్కి పోతోంది, దాన్ని అందుకోవడానికి నడుము వెనక్కి విరుస్తోంది, రాకెట్ ముఖం ఆకాశం చూస్తోంది. మొదటి సర్వ్‌కు ఇది లేదు. అది తప్పినప్పుడే వస్తోంది, అంటే టెన్షన్. రాకెట్ పక్కన పెట్టించి, ఆమె ముందు పాదానికి అడుగు దూరంలో, కాస్త కుడిపక్కకు, నేల మీద నా రాకెట్ పెట్టాను. బంతి టాస్ వేసి వదిలేయాలి, కొట్టకూడదు, తీగల మీద పడాలి. కొంతసేపు అది. తర్వాత కొట్టడం. తర్వాత, ఒకే సర్వ్ ఇచ్చే ఆట: ప్రతి పాయింట్ రెండో సర్వ్‌తోనే మొదలు. మణికట్టు మాటే మా మధ్య రాలేదు.

ఫోన్‌లో వీడియో తీయండి, కానీ ముందు మీరు ఏం చూశారో రాసుకుని ఆ తర్వాతే వీడియో చూడండి. మొదట్లో మీ రాత ఒకటి, వీడియో ఒకటి చెబుతాయి. అవి కలవడం మొదలయ్యాక వీడియో శిష్యుల కోసం మాత్రమే.

చెప్పడం

చూసినవన్నీ చెప్పకండి. ఒక సెషన్‌కు ఒక విషయం, దానికి రెండు మూడు మాటల్లో ఒక గుర్తు. "భుజం ముందు" లాంటిది చాలు. "నేనైతే ఇలా కొట్టేదాన్ని" అనే వాక్యం మాత్రం పూర్తిగా మానేయండి. మీ ఎత్తు, మీ గ్రిప్, మీ భయాలు వాళ్లవి కావు. సెమీ వెస్టర్న్ గ్రిప్‌తో హాయిగా ఆడుతున్నవాణ్ని మీకు అలవాటైన ఈస్టర్న్‌కు లాగితే ఏడాది పోతుంది.

పదేళ్ల లోపు పిల్లలతో పనిచేసే అవకాశం వస్తే కాదనకండి. ఎర్ర బంతి మామూలు బంతికంటే సుమారు 75 శాతం నెమ్మది, నారింజది 50, ఆకుపచ్చది 25. ఎర్ర బంతి కోర్టు 11 మీటర్లు, నారింజది 18, ఆకుపచ్చ బంతితో పూర్తి కోర్టు, 23.77 మీటర్లు. 2012 నుంచి పదేళ్ల లోపు పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదన్నది ఐటీఎఫ్ నియమం. కొందరు మాజీ ఆటగాళ్లు దీన్ని ఆటబొమ్మల వ్యవహారంగా చూస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. పసుపు బంతి ఏడేళ్ల పిల్లవాడి తల ఎత్తుకు లేస్తుంది, వాడు దాన్ని అందుకోవడానికి గ్రిప్‌ను తిప్పేసుకుంటాడు, ఆ గ్రిప్‌ను మార్చడానికి పదిహేనేళ్ల వయసులో ఎవరో తంటాలు పడతారు. ఎదిగే వయసులో మోకాలి కింద, మడమలో నొప్పి అంటే బద్ధకం అనుకోకండి. ఎముకలు సాగే దశలో అది వస్తుంది. పని తగ్గించి డాక్టర్‌కు చూపించమనండి.

మ్యాచ్ రోజు

సాధనను మ్యాచ్‌కు తగ్గట్టు మలచడం ముందు చూద్దాం. పెద్ద టోర్నీల లెక్కల్లో సుమారు 70 శాతం పాయింట్లు నాలుగు షాట్ల లోపే ముగిసిపోతాయి. అంటే సర్వ్, దాని తర్వాతి షాట్, రిటర్న్, దాని తర్వాతి షాట్. ఇవి కాక మనం రోజూ సాధన చేయించేది ఏమిటి? గంటల కొద్దీ క్రాస్‌కోర్ట్ (ఒక మూల నుంచి ఎదురు మూలకు) ర్యాలీలు. వాటి విలువ వాటికుంది, కానీ నా సెషన్లలో సగం సమయం సర్వ్, రిటర్న్‌లతో మొదలయ్యే పాయింట్లకే పోతుంది.

కుర్చీలో కూర్చుని స్కోరు రాయడం దండగ, అది బోర్డు మీదే ఉంటుంది. ప్రతి పాయింట్‌కూ మొదటి సర్వా రెండోదా, ఎటు వేశారు, ఎన్నో షాట్‌కు ముగిసింది, ఎవరి షాట్‌తో ముగిసింది, ఇవి చాలు. రెండో సెట్ మధ్యకు వచ్చేసరికి కాగితమే మాట్లాడుతుంది. 30-30 దగ్గర ప్రత్యర్థి ప్రతిసారీ బ్యాక్‌హ్యాండ్ వైపే సర్వ్ చేస్తుంటే అది మీకు కాగితం మీద కనిపిస్తుంది, కోర్టులో ఉన్నవాళ్లకు కనిపించదు.

మ్యాచ్ మధ్యలో మాట్లాడటం ఒకప్పుడు పెద్ద నేరం. 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో కోచ్ సైగ చేశాడని సెరెనాకు అంపైర్ హెచ్చరిక ఇచ్చాడు, దాంతో ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. తాను సైగ చేసిన మాట నిజమేనని ఆ కోచ్, పాట్రిక్ మురటోగ్లూ, తర్వాత ఒప్పుకున్నాడు, చూడలేదని ఆమె అంది. 2022లో పురుషుల, మహిళల టూర్లు రెండింటిలోనూ ప్రయోగాత్మకంగా అనుమతించారు. 2025 జనవరి నుంచి కోర్టు బయటి కోచింగ్ ఐటీఎఫ్ నియమాల్లోకే ఎక్కింది. పాయింట్ నడుస్తుండగా మాత్రం నోరు మెదపకూడదు. ప్రతి టోర్నీ నిబంధనల కాగితం చదువుకోండి, చిన్న టోర్నీల్లో, జూనియర్ పోటీల్లో తేడాలు ఉండొచ్చు.

అనుమతి ఉందని వాగకండి. పాయింట్‌కు పాయింట్‌కు మధ్య 25 సెకన్లు. అందులో సగం ఊపిరి తీసుకోవడానికీ తువ్వాలుకూ పోతుంది. వాళ్లు మీవైపు చూస్తేనే చెప్పండి, ఒక్కటే చెప్పండి, ఏం చేయాలో చెప్పండి. "డబుల్ ఫాల్ట్ (రెండు సర్వ్‌లూ తప్పడం) చేయకు" అంటే ఆ డబుల్ ఫాల్టే బుర్రలో తిరుగుతుంది. "ఒంటి మీదికి, స్పిన్‌తో" అంటే చేయడానికి పని దొరుకుతుంది. ఓడిపోయాక ఆ సాయంత్రం విశ్లేషణ వద్దు. అన్నం తినిపించండి. మర్నాడు "నీకేమనిపించింది?" అని అడిగి, కాగితం మడిచి జేబులోనే ఉంచి, పూర్తిగా వినండి.

డబ్బు, ఒప్పందం, విడిపోవడం

టూర్‌లో వెంట తిరిగే కోచ్‌కు సాధారణంగా వారానికి ఇంత అని జీతం, ప్రయాణం, బస, భోజనం, ఆపైన బహుమతి డబ్బులో శాతం. పది శాతం అన్నది తరచుగా వినిపించే అంకె. గాయమై ఆట ఆగితే జీతం సంగతేమిటి, ఎన్ని వారాల ముందు చెప్పి విడిపోవాలి, శాతం దేని మీద, పన్నుకు ముందా తర్వాతా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. స్నేహం ఉన్నచోట మరీ ముఖ్యం. నొవాక్ జొకోవిచ్, ఆండీ ముర్రే 36 సార్లు తలపడ్డారు, ఒకరి ఆట ఒకరికి కొట్టినపిండి. 2024 నవంబరులో ముర్రే కోచ్‌గా వస్తాడని ప్రకటించారు, 2025 మేలో విడిపోయారు. ఈ వృత్తిలో అది మామూలే.

టోర్నీ అక్రెడిటేషన్ (అధికారిక ప్రవేశ గుర్తింపు) తీసుకున్న కోచ్ కూడా అవినీతి నిరోధక నియమాల కిందికే వస్తాడు. అంతర్జాతీయ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీ ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయాలి. టెన్నిస్ మీద ఏ పందెమూ కాయకూడదు, మీవాళ్లు ఆడని మ్యాచ్ మీదైనా సరే. మీ ఆటగాడి చీలమండ వాచిందన్న కబురు స్నేహితుడికి వాట్సాప్‌లో పెట్టడం కూడా ప్రమాదమే. లోపలి సమాచారం బయటికి పోయినట్టవుతుంది.

శిష్యులు వేరే కోచ్ దగ్గరికి వెళ్తున్నారంటే ఫైలు తయారుచేసి ఇవ్వండి. రాకెట్ తీగల బిగువు ఏ కోర్టుకు ఎంత, పాత గాయాలు, ఏ బరువులు ఎత్తించాం, ఏ సర్వ్ మీద పని సగంలో ఉంది, ఏ మాట చెబితే బిగుసుకుపోతారు. నేను రెండు పేజీలు మించనివ్వను. కొత్త కోచ్ మొదటి వారం అదే చదువుతాడు, రెండో వారం నుంచి తన కళ్లతో చూసుకుంటాడు.